తమ్ముడి ఎత్తుకు కట్టిన సైకిల్

వనపర్తిలో సంత మలుపు తిరగగానే కిష్టయ్య సైకిల్ కొట్టు ఉండేది. నాలుగు గుంజల మీద పరిచిన రేకులు, కింద పనిముట్ల పెట్టె, పంక్చరు చూడటానికి నీళ్లు పోసిన ఇనుప తొట్టి, అంతే. తండ్రి బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే కమ్మరి. ఊళ్లోకి సైకిళ్లు రావడం మొదలయ్యాక కిష్టయ్య కొలిమి పని తగ్గించుకుని వాటి పని నేర్చుకున్నాడు. కొన్నేళ్లకే చుట్టుపక్కల ఎక్కడ సైకిల్ చెడినా కిష్టయ్య దగ్గరికి తీసుకుపొమ్మనే పేరు వచ్చింది.

ఇన్ని సైకిళ్లు బాగుచేసిన మనిషి ఒక్క సైకిల్ కూడా సరిగ్గా తొక్కి ఎరగడు. చిన్నతనంలో ఎడమ మోకాలి దగ్గర, చర్మం కింద దారంలాంటి పురుగు చేరే నారికురుపు లేచింది. దిగుడుబావి నీళ్లు తాగే ఆ పల్లెల్లో అది లేవని ఇల్లు ఉండేది కాదు. చాలామందికి మానిపోయేది. కిష్టయ్యకు పుండు మానింది గానీ కాలు పూర్తిగా చాచడానికి రాకుండా పోయింది. మనిషి అసలే పొట్టి. అప్పట్లో వచ్చే సైకిళ్లన్నీ ఇంగ్లీషు సీమ మనుషుల కొలతకు చేసినవి. సీటు ఎంత దించినా అతని కాలు పెడల్‌కు అందేది కాదు. బాగుచేసిన బండిని తొక్కి చూడాల్సి వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి కేకేసేవాడు.

తమ్ముడు తిమ్మన్న ఆకారంలో అన్నకు పూర్తిగా భిన్నం. చెరుకుగడలాగా పెరిగాడు. తలుపు దాటేటప్పుడు తల వంచాల్సిందే. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయాక కిష్టయ్యే వాణ్ణి పెంచాడు. ఇద్దరి మధ్య చెల్లెలు హన్మమ్మ. ఆమెను అమరచింతలో ఇచ్చారు. కిష్టయ్యకు సంబంధాలు రెండు మూడు వచ్చి, మోకాలు చూసి వెనక్కి పోయాయి. ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తనివ్వలేదు. వంటా వార్పూ అన్నదమ్ములే చేసుకునేవారు.

రైలు స్టేషన్‌లో దింపిన తపాలా సంచిని వనపర్తికి చేరవేయడం తిమ్మన్న కొలువు. ఆఫీసు వాళ్లిచ్చిన సైకిల్ ఎద్దులా బరువు. దాని మీదే అతను మోటారు బస్సు కంటే ముందు ఊళ్లోకి వచ్చిన రోజులున్నాయి. దుకాణాల వాళ్లు అతని గంట విని పొద్దు ఎంతయిందో చెప్పుకునేవారు. పెబ్బేరు సంతకు పెట్టిన సైకిల్ పందెంలో ఒకసారి, కొత్తకోటలో ఒకసారి గెలిచాడు. అప్పుడే రైలు గార్డు ఒకాయన, దసరా వెళ్లాక హైదరాబాద్‌లో పెద్ద పందెం ఉందనీ, పట్నం నుంచి షాద్‌నగర్ దాకా పోయి రావాలనీ చెప్పాడు. ఆ పందేనికి వచ్చే వాళ్లు ఇట్లాంటి మోత బండ్ల మీద రారనీ, చేత్తో ఎత్తితే గాలిలా లేచే సైకిళ్ల మీద వస్తారనీ కూడా చెప్పాడు.

తిమ్మన్న ఆ మాట అన్నకు చెప్పి ఊరుకున్నాడు. అడగడం వాడికి అలవాటు లేదు. కిష్టయ్య మాత్రం వారం పాటు దాని గురించే ఆలోచించాడు. యుద్ధం నడుస్తున్న కాలం. సీమ నుంచి సరుకు రావడం ఆగిపోయింది. కొత్త సైకిల్ కొందామన్నా దొరికేది కాదు. ఎక్కడైనా మంచి ఫ్రేము ఒక్కటి దొరికితే, మిగతాది తానే ఒక్కొక్కటిగా ఏరి కట్టగలనని అతనికి ధీమా. చక్రాలు, చైను, హ్యాండిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేము సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి సామాను వేసినా దండగే.

గద్వాలలో నబీ సాబ్ అని పాత సైకిళ్ల వ్యాపారి ఉన్నాడు. ఆయన దగ్గర అట్లాంటి ఫ్రేములు రెండున్నాయని కిష్టయ్య విన్నాడు. ఎవరో పెద్దింటి అన్నదమ్ములు యుద్ధానికి ముందు ముచ్చటపడి తెప్పించుకున్నారట. సామాను పెట్టె విప్పేలోగా వాళ్లు ఊరు విడిచిపోయారట. తిమ్మన్నకు సెలవు దొరికిన రోజు చూసి ఇద్దరూ బయలుదేరారు. అమరచింత మీదుగా కృష్ణ ఒడ్డుకు పోయి, పుట్టిలో ఏరు దాటి, గద్వాల చేరారు.

నబీ సాబ్ నిదానం మనిషి. చాయ్ తాగించి, ఊరి సంగతులు అడిగి, అప్పుడు గోనె విప్పాడు. రెండు ఫ్రేములూ ఒకే చేతి పని. ఒకటి నేరేడు పండు రంగు, చిన్నది. ఇంకొకటి నల్లది, పొడుగు. కిష్టయ్య చిన్నదాన్ని ముందు ఎత్తాడు. ఎత్తగానే అతని చెయ్యి అనుకున్నదానికంటే పైకి లేచిపోయింది, అంత తేలిక. గోటితో గొట్టం మీద తట్టుకుంటూ పోయాడు. చివర్లలో మందంగా, నడుమ పలచగా ఉన్నట్టు చప్పుడులోనే తెలిసింది. గొట్టాలను అతికిన చోట కరిగిన ఇత్తడి ఒక్క చుక్క కూడా ఒలకలేదు. వెనక చక్రం కూర్చునే చోటు నుంచి దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపుకు లాగి చూశాడు. రెండు పక్కలా ఎడం సమానం. నల్లదానికీ అట్లాగే దారం కట్టాడు. అది ఓడలోనో రైల్లోనో దెబ్బ తిన్నట్టుంది, వెనక చక్రాన్ని పట్టే కాళ్లు ఒక పక్కకు జరిగాయి.

"చిన్నది తీస్కో కిష్టయ్యా. గిసొంటిది మళ్ల రాదు" అన్నాడు నబీ సాబ్. అని ఊరుకోకుండా, చూడమని పాత చక్రాలు రెండు, హ్యాండిల్, పెడళ్లు, చైను దానికి బిగించి, సీటు పెట్టి, కిష్టయ్య ముందు నిలబెట్టాడు.

కిష్టయ్య వద్దన్నాడు. తిమ్మన్న హ్యాండిల్ పట్టుకుని "ఎక్కు అన్నా, ఊకె చూద్దువు" అన్నాడు. కిష్టయ్య కాలు అటు వేసి కూర్చున్నాడు. రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు అందాయి. పెడల్ కిందికి పోయినప్పుడు వంకర కాలు దాని వెంట చివరిదాకా పోయింది. తమ్ముడు చెయ్యి వదిలాడు. కిష్టయ్య నబీ సాబ్ కొట్టు ముందు బజారులో, ఎండలో, పది బారలు పోయి, వెనక్కి తిప్పడం తెలియక దిగి, నడిపించుకుంటూ వచ్చాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి వస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోవాలని చూశాడు, చేతకాలేదు.

తిమ్మన్న అది చూశాడు.

"గిదే తీస్కుందాం" అన్నాడు. "సీటు పొడుగ్గ లేపుకుంట. నాకు నడుస్తది."

"నీ మోకాళ్లు హ్యాండిల్‌కు తగుల్తయి రా."

"తగుల్తె తగులనియ్యి. పందెం ఒక్క దినం. గా తర్వాత నువ్వు తొక్కుదువు."

నబీ సాబ్ కూడా అతని పక్కే మాట్లాడాడు. చిన్న ఫ్రేము బిగువుగా ఉంటుందనీ, బరువు తక్కువనీ, నల్లదానికి వంకర ఉందనీ అన్నాడు. అవన్నీ నిజాలేనని కిష్టయ్యకు తెలుసు. అయినా మనిషికి పట్టని ఫ్రేము మీద షాద్‌నగర్ దాకా పోయి వస్తే ఆ నడుము ఏమవుతుందో కూడా తెలుసు. అతను తిమ్మన్నను గోడకు ఆనించి నిలబెట్టి, మడమ నుంచి తొడ మొదలు దాకా దారంతో కొలిచాడు. ఆ దారం నల్ల ఫ్రేము పక్కన పెట్టాడు. సరిపోయింది.

"నల్లది కట్టియ్యి సాబ్" అన్నాడు. "వంకర నేను తీస్త."

తిమ్మన్న బజారులో అన్నకు ఎదురు చెప్పేవాడు కాదు. పుట్టిలో ఏరు దాటేటప్పుడు మాత్రం, ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ అన్నాడు. "నేను గెలుస్త. గెలిచి గా చిన్నదాన్ని తెస్త. ఇద్దరం కలిసి తొక్కుకుంట అమరచింతకొస్తం. అక్క బిత్తరపోవాలె."

కిష్టయ్య వినబడనట్టే ఫ్రేము చుట్టూ గోనె సరిచేశాడు.

అమరచింతలో ఆ పూట హన్మమ్మ ఇంట్లో ఆగారు. ఆమె జొన్నరొట్టెలు కాల్చిపెడుతూ, గోడకు ఆనించిన ఫ్రేము చూసి, చక్రాలేవీ లేవేందని అడిగింది. ఇంత దూరం పోయి ఈ బొక్కలగూడు మోసుకొచ్చారా అని నవ్వింది. ఆమె భర్త ఈరప్ప రైతు, మంచివాడు. ఫ్రేమును ఒక్క వేలితో ఎత్తి చూసి, నాగలి కూడా ఇంత తేలికగా చేస్తే ఎద్దులు బతికిపోతాయని అన్నాడు. ఆ రాత్రి నలుగురూ నవ్వుకుంటూ భోంచేశారు. ఆ నలుగురూ ఒక్కచోట కూర్చుని తినడం మళ్లీ జరగలేదు.

సైకిల్ కట్టడానికి ఎండాకాలం అంతా పట్టింది. ముందు వంకర తీయాలి. అంత పలచని గొట్టాన్ని వేడి చేస్తే బలం పోతుంది. కిష్టయ్య రెండు టేకు పలకల మధ్య ఫ్రేమును బిగించి, పొద్దున ఇంత, సాయంత్రం ఇంత వంచుతూ, దారం కట్టి చూసుకుంటూ, పలకల కింద బట్ట ముక్కలు మారుస్తూ నడిపించాడు. విరుగుతుందేమోనని తిమ్మన్న ఆ పక్కకే వచ్చేవాడు కాదు. చివరికి రెండు పక్కలా ఎడం సమానమైన రోజు కిష్టయ్య కొట్టు మూసి ఇంటికి పోయి, చాలా కాలం తర్వాత కోడిని కోశాడు.

సామాను ఒక్కో చోటు నుంచి వచ్చింది. వెనక చక్రం ఇరుసు అడవి కావలి జవాను పాడుబడ్డ సైకిల్‌ది. పలచని రిమ్ములు నాగర్‌కర్నూల్‌లో ఒక వడ్డీ వ్యాపారి అటక మీద దొరికాయి. చైను పట్నం నుంచి గార్డు తెచ్చిపెట్టాడు. హ్యాండిల్ మామూలుదే, కిష్టయ్య దాన్ని కొలిమిలో పెట్టి పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంచాడు. చెప్పులు కుట్టే యేసయ్య సీటుకు తోలు సాగదీసి బిగించాడు. మంచి తోలు దొరకలేదని అతను తిమ్మన్నకు క్షమాపణ చెప్పుకున్నాడట. టైర్లే అన్నింటికన్నా కష్టమయ్యాయి. రబ్బరంతా యుద్ధానికే పోతోంది. దొరికిన జతను తిమ్మన్న తడి గుడ్డలో చుట్టి కుండల పక్కన పెట్టుకున్నాడు. బ్రేకు తీగల కోసం మాత్రం వాడొక్కడే గద్వాలకు పోయి నబీ సాబ్ దగ్గర తెచ్చుకున్నాడు.

వానలు పడబోయే ముందు ఒక తెల్లవారి సైకిల్ నిలబడింది. కిష్టయ్య సీటు ఎత్తు చివరిసారి సరిచేసి, పానా తుడుచుకుని, పక్కకు జరిగాడు. తిమ్మన్న పెబ్బేరు దారి పట్టాడు. రోడ్డు చివర మలుపు తిరిగేదాకా కిష్టయ్య చూస్తూ నిలబడ్డాడు. చప్పుడన్నది లేదు. గొలుసు కూడా మోగలేదు. పోతున్న మనిషి వీపు ముందుకు వంగి, ఎక్కడా ఊగకుండా, నీళ్లలో చేపలా పోతోంది. తిరిగి వచ్చి దిగి, తిమ్మన్న సైకిల్ చుట్టూ ఒకసారి నడిచాడు.

"ఎట్లున్నదిరా" అని అన్నే అడగాల్సి వచ్చింది.

"తొక్కుతున్నట్టే లేదు అన్నా" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే అమరచింత వైపు గత్తర, అదే కలరా, లేచిందన్న వార్త వచ్చింది. ఏటి పక్క ఊళ్లలో మనుషులు పొద్దున వాంతి చేసుకుని పొద్దుగూకే లోపల పోతున్నారని సంతకు వచ్చిన వాళ్లు చెప్పుకున్నారు. చెల్లెలి ఇంటి సంగతి ఎవరికీ తెలియదు. బండి కట్టుకుని పోవాలంటే ఒక రోజు పడుతుంది. కిష్టయ్య బండి కోసం తిరుగుతుండగానే తిమ్మన్న సైకిల్ బయటికి తీశాడు. దవాఖానలో కాంపౌండరు ఇచ్చిన మందు పొడులు నడుముకు కట్టుకున్నాడు.

"పొద్దుగూకే లోపల్నే చేరుకుంట. నువ్వు బండి చూస్కొని రా" అన్నాడు.

"నీళ్లు కాగబెట్టుకోని తాగు" అని కిష్టయ్య చెప్పాడు. తమ్ముడికి చెప్పిన చివరి మాట అదే.

ఆ తర్వాత జరిగింది హన్మమ్మ నోటి నుంచి అతనికి తెలిసింది. తిమ్మన్న చేరేసరికి ఈరప్ప పడి ఉన్నాడు. ఆమెకూ అప్పుడే మొదలైంది. పక్కింటి వాళ్లు తలుపులు వేసుకున్నారు. తిమ్మన్న ఇద్దరికీ ఉప్పు నీళ్లు పోశాడు, మందు పట్టాడు, గుడ్డలు మార్చాడు. పొడులు అయిపోతే ఆత్మకూరుకు తొక్కుకుంటూ పోయి తెచ్చాడు. అక్క ఇంటికే కాదు, దారిలో చేతులు జోడించిన వాళ్ల ఇళ్లకూ ఇచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. ఆ ఊళ్లో అంత తొందరగా పోయి రాగలిగిన మనిషి ఇంకొకడు లేడు, అందుకే అందరూ వాణ్ణే అడిగారు. ఎక్కడ ఏ నీళ్లు తాగాడో ఎవరికి తెలుసు. ఈరప్ప పోయిన మర్నాడు తిమ్మన్న గుమ్మంలో కూలబడ్డాడు.

హన్మమ్మ లేవలేని స్థితిలోనే పాకుతూ వాడి దగ్గరికి పోయింది. సాయంత్రానికి వాడి గొంతు మారిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. అన్నకు ఏమైనా చెప్పాలా అని ఆమె అడిగింది. వాడు వాకిలి వైపు చూపించాడట.

"సైకిల్ ఎండల ఉన్నదక్కా. టైర్లు పగుల్తయి. నీడకు పెట్టు" అన్నాడట.

కిష్టయ్యకు బండి దొరకలేదు. గత్తర ఊరికి ఎవరూ ఎద్దులను కట్టనన్నారు. వంకర కాలితో నడిచిపోయాడు. మధ్యలో ఒక పల్లె బయట చెట్టు కింద పడుకుని, లేచి మళ్లీ నడిచాడు. అతను చేరేసరికి ఊరివాళ్లు ఈరప్పనూ తిమ్మన్ననూ పూడ్చిపెట్టేశారు. ఎవరు ఎక్కడున్నారో చూపించడానికి కూడా ఒకరిద్దరే బయటికి వచ్చారు. కొత్త మట్టి కుప్పలు చాలా ఉన్నాయి. అందులో పొడుగాటిది తన తమ్ముడిదని కిష్టయ్య ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాడు.

అతను ఏడవలేదు. చెల్లెలు కోలుకునేదాకా ఉండి గంజి కాచి పోశాడు. ఆమె అత్తింటి వాళ్లు ఎవరూ మిగలలేదు, పొలాన్ని దూరపు దాయాదులు చూసుకుంటామన్నారు. ఆమెను వనపర్తి పోయే ఒక బండిలో ఎక్కించాడు. ఆ బండి మీద సైకిల్ కూడా వేసుకుందామని బండివాడే అన్నాడు. కిష్టయ్య ఒప్పుకోలేదు. కుదుపుకు ఫ్రేము దెబ్బ తింటుందన్నాడు. తానే నడిపించుకుంటూ బయలుదేరాడు.

రెండు రోజులు నడిచాడు. సీటు అతని ఛాతీ దాకా వస్తోంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద. దారిలో ఎదురైన వాళ్లు, అంత మంచి సైకిల్ పెట్టుకుని నడుస్తావెందుకని అడిగారు. కాలు అందదని మొదట్లో చెప్పాడు. తర్వాత తర్వాత తల ఊపి ముందుకు పోయాడు. ఆత్మకూరు దాటాక వాన వచ్చింది. పై కండువా తీసి సీటు మీద కప్పి, తాను తడుస్తూ నడిచాడు.

ఆ ఏడు హైదరాబాద్‌లో పందెం జరిగిందో లేదో అతను ఎవరినీ అడగలేదు. గార్డు కూడా కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు అవతలి పక్కకు చూస్తూ పోయేవాడు.

దీపావళి తర్వాత నబీ సాబ్ రైలు దిగి వనపర్తి వచ్చాడు. భుజాన గోనె కట్ట ఉంది. గత్తర రోజుల్లో ఏరు దాటడం ఆగిపోయిందనీ, మొన్ననే సంగతి తెలిసిందనీ చెప్పాడు. కిష్టయ్య భుజం మీద చెయ్యి వేసి కొంచెంసేపు కూర్చున్నాడు. తర్వాత గోనె విప్పాడు. లోపల నేరేడు పండు రంగు ఫ్రేము.

"నీ తమ్ముడు బ్రేకు తీగల కోసం వచ్చినప్పుడు చెప్పిపోయిండు" అన్నాడు. "దీన్ని ఎవ్వరికీ ఇయ్యకు సాబ్, మా అన్నది గిది అన్నడు. మాట ఇచ్చిన. నా దగ్గర పెట్టుకోలేను కిష్టయ్యా. తీస్కో. నాకేమీ వద్దు."

కిష్టయ్య ఫ్రేమును ముట్టుకోలేదు. పక్కన పంక్చరు వేయాల్సిన ట్యూబు ఉంటే దాన్ని తొట్టిలో ముంచి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. బుడగలు లేచిన చోటు కనబడుతూనే ఉంది. అయినా తిప్పుతూనే ఉన్నాడు.

"ఇద్దరం తొక్కాలె అన్నడు సాబ్" అన్నాడు చివరికి. "నేనొక్కన్ని ఏడికి పోవాలె?"

నబీ సాబ్ బలవంతం చేయలేదు. హన్మమ్మ రొట్టె పెడితే తిని, గోనె మళ్లీ కట్టుకుని, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. ఆ ఫ్రేము తర్వాత ఎవరి చేతికి పోయిందో తెలియదు.

హన్మమ్మ అన్న దగ్గరే ఉండిపోయింది. కొట్టు పని కొంత నేర్చుకుంది. ఆమె మాట్లాడేది తక్కువ, కిష్టయ్య అంతకన్నా తక్కువ. పొద్దున లేచి అతను చేసే మొదటి పని ఆ నల్ల సైకిల్‌ను తుడవడం. గొలుసుకు చుక్క నూనె వేసేవాడు. వెనక చక్రాన్ని ఎత్తి ఒకసారి తిప్పేవాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగేది. ఆగేదాకా చూసి, అప్పుడు కొట్టుకు పోయేవాడు. కొంటామని వచ్చిన వాళ్లకు అమ్మేది కాదని చెప్పేవాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున, చక్రం తిరుగుతుండగా హన్మమ్మ వచ్చి దాన్ని చేత్తో పట్టుకుని ఆపింది.

"తొక్కు అన్నా" అన్నది.

కాలు అందదన్నాడు. చిన్నపిల్లలు నేర్చుకునేటప్పుడు కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కుతారు కదా, అట్లా తొక్కమన్నది. ఊరివాళ్లు చూస్తారన్నాడు. చూడనిమ్మన్నది. సైకిల్‌ను తానే నడిపించుకుంటూ పెబ్బేరు దారికి పోయింది. అతను వెనకే పోక తప్పలేదు.

నెత్తిన వెంట్రుకలు నెరుస్తున్న మనిషి, కడ్డీ కింద నుంచి వంకర కాలు దూర్చి, ఒళ్లంతా పక్కకు వేలాడదీసి, ఎగుడుదిగుడుగా పెడల్ తొక్కాడు. హన్మమ్మ వెనక నుంచి సీటు పట్టుకుని పరుగెత్తింది. జొన్నచేలలో కంకులు కోసే ఆడవాళ్లు నడుము ఎత్తి చూశారు, ఎవరూ నవ్వలేదు. కొంత దూరం పోయాక చెల్లెలి చెయ్యి జారింది. సైకిల్ దానంతట అదే పోయింది. తమ్ముడు చెప్పిన మాట నిజమని అప్పుడు అతనికి తెలిసింది. కాళ్లతో ఏమీ చేస్తున్నట్టే లేదు. ఖాళీ సీటు అతని చంక కింద ఉంది. పడిపోకుండా దాన్ని కావలించుకున్నాడు.

చేను గట్టు మీద పడ్డాడు. సైకిల్ కింద పడకుండా తాను కింద పడ్డాడు. హన్మమ్మ రొప్పుతూ వచ్చేసరికి, ఇన్ని నెలలూ రాని ఏడుపు అతనికి వచ్చింది. నోరు తెరిచి, పెద్దగా, పశువు అరిచినట్టు ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకోమని చెప్పలేదు. ఎండ ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఆ నెలలోనే నాగర్‌కర్నూల్ నుంచి గత్తర సూదులు వేసే అహ్మద్ అనే అతను ఇంటికి వచ్చాడు. పల్లెలన్నీ కాలినడకన తిరగలేక, సైకిల్ ఏదైనా దొరుకుతుందా అని అడిగాడు. యుద్ధం మూలాన ఎక్కడా దొరకడం లేదన్నాడు. కిష్టయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి నల్ల సైకిల్‌ను నడిపించుకుంటూ బయటికి తెచ్చింది.

అహ్మద్ ఎక్కి చూశాడు. పొడుగరే గానీ తిమ్మన్నంత కాదు. చాలా బాగుందన్నాడు. ఇంత తేలిక బండిని ఎన్నడూ చూడలేదన్నాడు. సీటు మాత్రం ఒక్క వేలెడు దించి పెట్టమని అడిగాడు.

కిష్టయ్య పానా తీసుకుని వంగాడు. నట్టు మీద పెట్టాడు. చెయ్యి తిరగలేదు. లేచి, పానాను అహ్మద్ చేతిలో పెట్టాడు.

"మీరే దించుకోండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

పొయ్యి ముందు కూర్చుని, చల్లారిన బూడిదను పుల్లతో కదుపుతూ, బయట నట్టు తిరుగుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాడు.